ఆరు కంపెనీల గారెలు

ముప్పై ఏళ్ళకు పైగా పత్రికల్లో పనిచేశాను. రాసిన వార్తలకు బెదిరింపు ఫోన్లు వచ్చాయి, లాయరు నోటీసులు వచ్చాయి, ఒకసారి జనగామలో నా బండి రెండు టైర్లలోనూ గాలి తీశారు. కానీ నేను రాసింది అబద్ధమని రుజువు చేయడానికి సాక్ష్యాన్ని గోనె సంచిలో వేసుకుని ఆఫీసు మెట్లెక్కిన మనిషి మాత్రం ఒక్కరే. ఆ సంచిలో ఉన్నది మిక్సీ. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళు రాజకీయాలూ నేరాలూ రాసేటప్పుడు ఎలాగూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాస్తారు. అందుకే వాళ్ళకు నేను మిక్సీ సంగతి చెబుతుంటాను.

అప్పుడు నేను భూపాలపల్లిలో ఉన్నాను. జనగామలో చాలాకాలం, మహబూబాబాద్‌లో కొంతకాలం చేశాక, కొత్త జిల్లా అయిందని అక్కడికి పంపారు. బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫోటోగ్రాఫర్, నేను. ఫోటోగ్రాఫర్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నోరు మాత్రం నాకంటే పెద్దది.

జిల్లాల్లో విలేకరి వార్తలు మాత్రమే రాస్తాడని బయటివాళ్ళు అనుకుంటారు. పండుగలకు ప్రకటనలు తేవడం కూడా మా పనే. పొద్దున ఎవరి మీద వార్త రాశామో సాయంత్రం వాళ్ళ దగ్గరికే వెళ్ళి దసరా శుభాకాంక్షల ప్రకటన అడగాలి. ఈ రెండు పనులూ ఒకే మొహంతో చేయడం నేర్చుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఆ ఏడు దసరా ప్రత్యేక పేజీలకు ఒక షోరూం యజమాని నిండు పేజీ ప్రకటన ఇస్తానన్నాడు. వంటింటి సామాన్ల షోరూం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ఆయన షాపులున్నాయి. షరతు ఒక్కటే, ప్రకటనకు ఎదురు పేజీలో వ్యాసం రావాలి.

"పెద్ద రేటువి కొననోళ్ళు మస్తుమంది ఉంటరు సార్. చీపువి కొంటె నామోషీ అనుకుంటరు. మధ్య రకమే నడుస్తది," అన్నాడు. "మిక్సీ, పొయ్యి, కుక్కర్, ఫ్రిజ్ అన్నీ ఒక్క కంపెనీయే ఉండాలె అని రాయుండ్రి. మీరు రాస్తె నమ్ముతరు."

"అన్నీ ఒక్క కంపెనీయే ఎందుకుండాలి?" అని అడిగాను. ఆ మాత్రం ప్రశ్న అడిగానని ఇప్పటికీ నాకు కొంచెం తృప్తి.

"చూడనీకె మంచిగుంటది గద."

"అది కాకుండా?"

ఆయన కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "ఒక్క కంపెనీవైతె కరెంటు సమానంగ గుంజుతయి సార్," అన్నాడు.

నేను ఆఫీసుకు వచ్చి, 'ఉపకరణాలన్నీ ఒకే కంపెనీవైతే విద్యుత్ వినియోగంలో సమతుల్యత ఉంటుందని నిపుణులు చెబుతున్నారు' అని రాశాను. ఆ నిపుణుడు ఎవరో, ఏ ఫ్యాను కింద కూర్చుని చెప్పాడో మీకు తెలుసు.

అంతటితో ఆగినా బాగుండేది. పేజీ కట్టాక చివర రెండు లైన్ల ఖాళీ మిగిలిందని డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. పత్రికలవాళ్ళకు ఖాళీ అంటే ఎంత భయమో చెప్పలేను. ఫోన్ పెట్టకుండానే, 'మధ్య రకం మిక్సీలు ఇంటికే కాదు, చిన్న హోటళ్ళకు, క్యాంటీన్లకు సైతం చక్కగా సరిపోతాయి' అని చెప్పాను. అవతల అతను టైపు చేసుకుని "సరిగ్గా పట్టిందన్నా, అక్షరం మిగల్లే," అన్నాడు. ఇద్దరం సంతోషించాం.

మర్నాడు మా ఆవిడ ఆ పేజీ చదివి, మడిచి, నా వైపు చూసింది.

"గీ నిపుణులు ఎవ్వలు?"

"ఉంటారులే."

"మనింట్ల మిక్సీ ఒక కంపెనీ, పొయ్యి ఒక కంపెనీ, ఫ్రిజ్ ఒక కంపెనీ. ఇరవై ఏండ్ల సంది కొట్లాడుకోకుంట ఉన్నయి. మీరెన్నడన్న వంటింట్లకొచ్చి చూసిండ్రా?"

నేను స్నానానికి వెళ్ళిపోయాను.

నెల కూడా తిరగలేదు. ఒక శనివారం మధ్యాహ్నం, పేజీ పంపే హడావుడిలో ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. యాభై దాటిన మనిషి, గట్టి చెయ్యి, కొంగు నడుముకు బిగించి ఉంది. చంకలో గోనె సంచి, చేతిలో స్టీలు డబ్బా. వెనకాల పాతికేళ్ళ అమ్మాయి ఒక లావుపాటి పుస్తకం పట్టుకుని నిలబడింది. పెద్దామెను అందరూ పెద్దక్క అనే పిలుస్తారని తర్వాత తెలిసింది. గని కార్మికుల క్వార్టర్లలో ఏళ్ళ తరబడి టిఫిన్లు చేసి పెట్టిన మనిషి. ఆమె మహిళా సంఘానికి జిల్లా ఆఫీసుల ఆవరణలో క్యాంటీన్ దొరికింది. నలుగురు ఆడవాళ్ళు నడుపుతున్నారు.

"సార్, మీ పేపర్ల నిపుణుడున్నడట. జర పిలువుండ్రి," అంది.

ఫోటోగ్రాఫర్ నా మొహం చూశాడు. వాడి కళ్ళలో దీపావళి.

"నిపుణుడు హైదరాబాదులో ఉంటాడక్కా," అన్నాను.

"గట్లనా. ఆయన నంబరియ్యి. ఫోన్ల మాట్లాడుత."

"ఆయన ఫోన్ ఎత్తడు."

"ఎత్తుతడక్కా," అన్నాడు ఫోటోగ్రాఫర్. "పొద్దుగాల మా సార్ ఎప్పుడెత్తితె ఆయన గప్పుడే ఎత్తుతడు."

పెద్దక్కకు అర్థమైపోయింది. కోప్పడలేదు. అమ్మాయి చేతిలోని పుస్తకం తీసుకుని నా ముందు తెరిచింది. అది సంఘం తీర్మానాల పుస్తకం. ఆ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఏం కొన్నా, ఏం చేసినా ముందు కూర్చుని తీర్మానం రాసుకోవాలి, అందరూ సంతకాలు పెట్టాలి, దానికి ఆధారం ఏదన్నా ఉంటే పక్కనే అంటించాలి. నా వ్యాసాన్ని కత్తిరించి, అన్నం మెతుకులతో నీటుగా అంటించారు. 'క్యాంటీన్లకు సైతం' దగ్గర ఎర్ర పెన్నుతో గీత. కింద మూడు సంతకాలు, ఒక వేలిముద్ర.

"నాకు పాత గ్రైండర్ ఉండె. రాతిది. నేను గదే తెచ్చుకుంటనన్న," అంది పెద్దక్క. "ఈ పిల్లనేమో పేపర్ల వచ్చిందక్కా, అన్నీ ఒక్కటే కంపెనీ ఉండాల్నట, మిక్సీయే సరిపోతదట అన్నది. చదువుకున్న పిల్ల గదా అని సరేనన్న. నా గ్రైండర్ పాత సామాను కింద షోరూంల ఇచ్చి గీ సెట్టు తెచ్చినం. పొయ్యి మంచిగనే ఉన్నది. కుక్కర్ మంచిగనే ఉన్నది. అన్నీ ఒక్కటే రంగు, పెండ్లికి కట్టిన చీరలోలె. గిది మాత్రం రెండు జార్లు తిప్పంగనే బందయితాంది."

మొన్న సోమవారం అర్జీల రోజట. మండలాల నుంచి జనం వస్తారు. బోర్డు మీద గారెలు అని రాశారు, పప్పు రుబ్బడం కాలేదు. జనం గొడవ చేశారు. క్యాంటీన్ వ్యవహారం చూసే అధికారిణి దాకా వెళ్ళింది. సంఘానికి ఇచ్చింది నెల రోజుల గడువే. అది బాగా నడిపితే ఉంచుతారు, లేకపోతే బయట హోటల్ నడిపే ఒకాయన కాచుకుని ఉన్నాడు. వచ్చే సోమవారం తానే వచ్చి గారెలు తిని తేలుస్తానని ఆ మేడమ్ చెప్పింది.

"అంటే ఎల్లుండే," అన్నాను.

"ఎల్లుండే. నాలుగిండ్ల పొయ్యిలు దాని మీదనే ఉన్నయి. నమ్మకం లేకపోతె చూడుండ్రి."

నేను వద్దనేలోపే సంచిలోంచి మిక్సీ తీసి బల్ల మీద పెట్టింది. స్టీలు డబ్బాలోంచి నానిన మినప్పప్పు జారులో వేసింది. కంప్యూటర్ల కింద యూపీఎస్‌లో ఖాళీగా కనిపించిన ప్లగ్గులో తీగ గుచ్చి మీట తిప్పింది. మిక్సీ గర్జించింది. యూపీఎస్ కీచుమంది. రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఆరిపోయాయి. పంపబోతున్న పేజీ పోయింది.

"సూసిండ్రా, బందయింది," అంది పెద్దక్క.

"అది మిక్సీ కాదక్కా, మా పేపర్ బందయింది," అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఆమెను తీసుకుని షోరూంకు వెళ్ళాను. యజమాని మంచినీళ్ళు ఇప్పించాడు, వారంటీ కాగితం చూపించాడు. ఇంటి వాడకానికే తప్ప వ్యాపారానికి వాడితే వర్తించదని అందులో ఉంది. రిపేరు మనిషి హనుమకొండ నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. పాత గ్రైండర్ ఎప్పుడో ఎవరికో వెళ్ళిపోయింది.

"క్యాంటీన్లకు సరిపోతుందని..." అని నసిగాను.

"గది నేను చెప్పిన్నా సార్? మీరే రాసిన్రు," అన్నాడు. నిజమే. ఆయన చెప్పిన అబద్ధం కరెంటు గురించి. మిక్సీ గురించి చెప్పింది పూర్తిగా నా సొంత అబద్ధం.

తిరిగి వస్తుంటే బస్టాండు పక్కన డబ్బా కొట్టులో మిక్సీలు బాగుచేసే ముసలాయన కనిపించాడు. అందరూ చాచా అంటారు. మా ఆఫీసు మెట్లు దిగితే ఎదురుగా ఉండేది ఆయనే. రోజూ ఆయన ముందు నుంచే వెళ్తూ నిపుణుల కోసం ఆకాశంలోకి చూసేవాణ్ణి. పెద్దక్క మిక్సీ ఆయన ముందు పెట్టింది. చాచా దాన్ని తిరగేసి కింద ఉన్న ఎర్ర బొత్తాం నొక్కాడు.

"మోటర్ అచ్ఛా ఉన్నది. కంపెనీ భీ అచ్ఛా. గర్మీ అయితె దానికదే బంద్ అయితది, కాలిపోకుంట. గిది చట్నీల మిక్సీ అక్కా. దీంతోని బస్తా పప్పు రుబ్బుమంటె ఎట్ల? రెండు జార్లు తిప్పాలె, పావుగంట దాన్ని ఊపిరి తీసుకోనియ్యాలె."

"అన్నీ ఒకే కంపెనీవి ఉంటే మంచిదా చాచా?" అని అడిగాను. ఆ ప్రశ్న నెల ముందు అడగాల్సింది.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఒక కంపెనీ మిక్సీ మంచిగ చేస్తది, పొయ్యి ఖరాబ్ చేస్తది. ఇంకో కంపెనీ ఉల్టా. ఇంట్ల ఏం రుబ్బుతరు, ఎంతమందికి వండుతరు, పహ్లే గది చూస్కోవాలె. తర్వాత జార్ రబ్బర్ పోతె మన ఊర్ల దొరుకుతదా లేదా చూడాలె. రబ్బర్ నా దగ్గర దొరికితె అది మంచి కంపెనీ. ఖతం."

ఎనిమిది వందల మాటల వ్యాసంలో నేను చెప్పలేనిది ఆయన బీడీ ఆరేలోపు చెప్పాడు.

ఆ సాయంత్రం సవరణ రాసి డెస్కుకు పంపాను. "ప్రకటన ఇచ్చినోళ్ళ మీద సవరణ ఏస్తరా అన్నా? నీకేమన్న అయిందా?" అని ఫోన్ వచ్చింది. సవరణ పడలేదు.

ఊళ్ళో పెద్ద గ్రైండర్ ఉన్నది ఆ హోటలాయన దగ్గరే. ఆయన ఇవ్వడు. సోమవారం పొద్దున ఆరింటికి నేనూ ఫోటోగ్రాఫరూ క్యాంటీన్‌కు వెళ్ళాం. ఏం చేయడానికో నాకూ తెలియదు. వెళ్ళకుండా ఇంట్లో కూర్చోలేకపోయాను, అంతే. పెద్దక్క ఒక గంగాళం నిండా నానిన పప్పు ముందు కూర్చుని ఉంది.

"అక్కా, నాకు తోచిందేమిటంటే..." అని మొదలుపెట్టాను.

"మీరేం మాట్లాడకుండ్రి సార్. పప్పు కడుగుండ్రి."

కడిగాను. పొట్టు తీయడం నాకు రాదని రెండు నిమిషాల్లో తేలిపోయింది, మళ్ళీ కడిగించింది. మిక్సీ రెండు జార్లు తిప్పి ఆగిపోయింది. పావుగంట ఆగి మళ్ళీ రెండు. గంగాళం తగ్గడం లేదు. తొమ్మిదిన్నరకు మేడమ్ వస్తుంది. నాలుగిళ్ళ ఆధారం పోతుంటే, దానికి కారణమైన కాగితం ముక్కను తెచ్చింది తనేనని ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి ఏడ్వడం మొదలుపెట్టింది.

"ఏడుస్తె పిండి పల్చనైతది," అంది పెద్దక్క. ఇంకో నిమిషం మిక్సీ వంక చూసింది. "గిది ఊపిరి తీసుకునేదాంక ఇంకోటి తిరగాలె. అంతే గద." ఫోటోగ్రాఫర్ వైపు తిరిగింది. "ఏ తమ్మీ, బండి తియ్యి. క్వార్టర్లకు పోదాం."

మొదటి షిఫ్టు వాళ్ళు అప్పటికే గనిలోకి దిగారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఉంటారు. పెద్దక్క చేతి టిఫిన్ తినని ఇల్లు ఆ వరసలో లేదు. అరగంటలో రెండు ఆటోలు వచ్చి ఆగాయి. ఒక్కొక్కరూ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు మిక్సీ ఎత్తుకుని దిగారు. మొత్తం అయిదు. ఒకదానికి మీట ఊడిపోతే పటకారుతో తిప్పాలి. ఒకదాని మూతను చేత్తో అదిమి పట్టకపోతే ఎగిరి మొహానికి తగులుతుంది. ఒకటి తిరుగుతూ తిరుగుతూ బల్ల అంచు దాకా నడిచి వస్తుంది, దాన్ని కడుపుతో ఆపాలి. ఎవరి మిక్సీని వాళ్ళే తిప్పుతామన్నారు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

"నాది పెండ్లికి మా అన్న కొనిచ్చింది. నీ లెక్క సెట్టుల వచ్చింది కాదు."

"మీ అన్న మూత కొనియ్యలేదా మరి?"

ఆ అయిదూ అయిదు కంపెనీలవి. క్యాంటీన్‌ది ఆరోది. ఉన్నవి రెండు ప్లగ్గులు. రెండు మిక్సీలు తిరుగుతుంటే నాలుగు ఊపిరి తీసుకున్నాయి. ఎప్పుడు ఏది మార్చాలో పెద్దక్క కేక వేస్తుంది, నేను తీగలు పీకి గుచ్చుతాను. ఆ చప్పుడుకు ఆఫీసుల వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, ఏదో మిల్లు పెట్టారనుకున్నాడట. తొమ్మిదింటికి గంగాళం ఖాళీ. తొమ్మిదింబావుకు మొదటి వాయి నూనెలో పడింది.

మేడమ్ వచ్చింది. వెనకాలే హోటలాయన. ఇంకో పత్రిక విలేకరి కూడా వచ్చాడు, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ. మేడమ్ ఒక గారె తిని, బల్ల మీద వరసగా ఉన్న మిక్సీలను చూసింది. "ఇది క్యాంటీనా, రిపేరు షాపా?" అంది.

హోటలాయన అందుకున్నాడు. "ఇవ్వాళ అడుక్కొచ్చిన్రు మేడమ్. రేపెట్ల? ఇంట్ల తిప్పే మిక్సీ తెచ్చి క్యాంటీన్ల పెట్టిన్రు. సామాను కొనుడే తెల్వనోళ్ళు నడుపుతరా?"

"ఇది ఎవరు కొనమన్నారు?" అని అడిగింది మేడమ్.

అమ్మాయి తీర్మానాల పుస్తకం ముందుకు తెచ్చింది. పెద్దక్క ఆమెను పక్కకు జరిపి, "నేనే కొన్న మేడమ్. తప్పు నాదే," అంది.

మేడమ్ పుస్తకం తీసుకుని అంటించిన వ్యాసం మొత్తం చదివింది. ఎర్ర గీత దగ్గర ఆగి, మళ్ళీ పైకి వెళ్ళి 'నిపుణులు' అన్న మాట మీద వేలు పెట్టింది. "ఈ నిపుణులెవరు?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ముప్పై ఏళ్ళు అదే వృత్తిగా బతికినవాణ్ణి, నోరు మూసుకోవడం బాగా తెలుసు. ఎదుటి విలేకరి ఫోన్ నా వైపు తిరిగి ఉంది. షోరూం ప్రకటన, డెస్కు, ఉద్యోగం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పక్కన అమ్మాయి ఇంకా ముక్కు చీదుతోంది.

"నిపుణులెవరూ లేరు మేడమ్," అన్నాను. "అది రాసింది నేను. మిక్సీ గురించి నాకేమీ తెలియదు. చివర రెండు లైన్ల ఖాళీ మిగిలితే ఆ మాట పెట్టాను. వీళ్ళు చదివి నమ్మారు. అంతకుమించి వీళ్ళ తప్పేం లేదు."

నా మోచేతుల దాకా పిండి ఉంది. మేడమ్ నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇంకో గారె తీసుకుంది. అది పూర్తిగా తిని చేతులు తుడుచుకుంది.

"ఒక్క పొద్దుటిలో ఇన్ని మిక్సీలు సమకూర్చుకోగలిగినవాళ్ళకు క్యాంటీన్ నడపడం రాకపోవడం ఏమిటి?" అంది హోటలాయనతో. పెద్దక్కతో, "ఒక గ్రైండర్ కొనుక్కోండి. ఈసారి పేపర్ చూసి కాదు," అంది. క్యాంటీన్ వాళ్ళకే ఉండిపోయింది.

నా మాటలు సాయంత్రానికి మూడు జిల్లాల ఫోన్లలో తిరిగాయి. విలేకరుల సమావేశాల్లో నన్ను చూడగానే "నిపుణులు వచ్చిండ్రు, కుర్చీ ఎయ్యుండ్రి" అనడం మొదలైంది. షోరూం యజమాని నమస్కారం మానేశాడు. రెండు నెలలకు పరిపాలనా కారణాల పేరుతో నన్ను మళ్ళీ మహబూబాబాద్‌కు పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. మరుసటి దసరాకు భూపాలపల్లి పేజీలో 'వంటింటికి రంగుల పొందిక' అని ఎవరో రాశారు. అందులోనూ నిపుణులు చెప్పారు.

వాళ్ళు గ్రైండర్ కొనడానికి చాచాను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళారని ఫోటోగ్రాఫర్ చెప్పాడు. సంఘంవాళ్ళు తీర్మానం రాసి, ఆధారం అంటించే చోట చాచా వేలిముద్ర వేయించారట.

పోయిన నెల ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

"సార్, మంచిగున్నరా? పెద్దక్కను. క్యాంటీన్‌కు పెద్ద ఫ్రిజ్ కొననీకె వచ్చినం. అందరం షాపుల్నే ఉన్నం. మూడు కంపెనీలవి చూసినం."

"ఓ, మంచిదక్కా. అయితే..."

"మీరేమనకుండ్రి సార్. ఊకె చెప్తామని చేసిన."

సరేనన్నాను. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అవతల ఫ్రిజ్ తలుపులు తెరుస్తున్న, వేస్తున్న చప్పుడు వింటూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.